పరామర్శ: రోగిని అడగడం నేర్పిన చరిత్ర



'పరామర్శ' అనే మాట మన భాషలో చేసిన ప్రయాణం విచిత్రమైనది. తర్కశాస్త్రంలో దానికి కచ్చితమైన పారిభాషికార్థం ఉంది. కొండ మీద పొగ కనబడింది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందని ముందే తెలుసు. ఈ రెండింటినీ జతచేసి, నిప్పును విడిచి ఉండని పొగ ఇదిగో ఈ కొండ మీద ఉన్నదని మనస్సు నిశ్చయించుకోవడం పరామర్శ. అనుమితి దాని నుంచే పుడుతుంది. తెలుగువాడు ఆ మాటను తర్కశాల నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. మంచాన పడ్డవారి దగ్గరకు పోయి "ఎలా ఉంది? ఏమన్నా తింటున్నావా? రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగి రావడానికి దాన్ని పేరుగా పెట్టుకున్నాడు. ఒక అర్థం బుద్ధికి సంబంధించినది, మరొకటి మనసుకు సంబంధించినది.

నేను వైద్యుణ్ణి కాను. ముప్పైయేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా పూర్వవిద్యార్థిని ఒకామె ఇప్పుడు వైద్యకళాశాలలో పాఠాలు చెబుతోంది. ఆ మధ్య కనబడి, "మాస్టారూ, మా పిల్లలకు పుస్తకం అంతా వచ్చు, రోగితో మాట్లాడటం మాత్రం రాదు. అది నేర్పితే వచ్చే విద్యేనా?" అని అడిగింది. ఆ ప్రశ్న నన్ను వదలలేదు. కొన్ని నెలలు చదివాక తెలిసినది మీతో పంచుకుందామని ఈ టపా.

మొదట మన గ్రంథాల మాట. చరకసంహిత విమానస్థానం నాలుగో అధ్యాయం రోగాన్ని తెలుసుకునే దారులను మూడుగా చెప్పింది: ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం. ఏది చూసి తెలుసుకోవాలో, ఏది ఊహించి తెలుసుకోవాలో వివరిస్తూ పోయి, చివరకు కొన్ని విషయాలు రోగిని అడిగి మాత్రమే తెలుసుకోవాలని ఒక హద్దు గీసింది. కోష్ఠం మెత్తనిదా కఠినమైనదా, వచ్చే కలలేమిటి, కోరికలేమిటి, ఇష్టానిష్టాలేమిటి, సుఖదుఃఖాలేమిటి అనేవి ఆ జాబితాలోవి. ఆ అడగడానికి చరకుడు వాడిన మాట 'ఆతురపరిప్రశ్న'. ఎంత గొప్ప వైద్యుడైనా సరే, ఎదుటివాడి దుఃఖం నాడి పట్టుకుంటే తెలియదని దీని భావం.

సుశ్రుతుడు ఇంకొంత ముందుకు పోయాడు. రోగాన్ని తెలుసుకునే ఉపాయాలు ఆరని, అవి పంచేంద్రియాలూ ప్రశ్నా అని సూత్రస్థానం పదో అధ్యాయంలో చెప్పాడు. దేశం, కాలం, రోగికి అలవాటైన ఆహారవిహారాలు, రోగం ఎప్పుడు ఎలా మొదలైంది, బాధ ఎప్పుడు ముదురుతుంది, బలం ఎట్లా ఉంది, ఆకలి ఎట్లా ఉంది, మలమూత్రాలు సరిగా అవుతున్నాయా అనేవి అడగవలసినవి. నేటి వైద్యవిద్యార్థి నోట్‌బుక్‌లో ఉండే శీర్షికలకూ ఈ జాబితాకూ పెద్దగా తేడా లేదు.

నన్ను ఆకర్షించినది దానికి ముందున్న తొమ్మిదో అధ్యాయం. అది అభ్యాసానికి సంబంధించినది. కోయడం గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద, గీకడం వెంట్రుకలున్న తోలు మీద, సిరను పొడవడం చచ్చిన పశువుల సిరల మీదా తామరతూళ్ళ మీదా, కట్లు కట్టడం బొమ్మ మీద సాధన చేయమన్నాడు సుశ్రుతుడు. శాస్త్రమంతా చదివినా అభ్యాసం లేనివాడు పనికి తగడన్నాడు. మరి పదో అధ్యాయంలో చెప్పిన ప్రశ్నకు అభ్యాసం దేని మీద? సొరకాయ జవాబు చెప్పదు. కట్టు కట్టించుకున్న బొమ్మ "రాత్రి నిద్ర పట్టలేదయ్యా" అనదు. ఈ ఖాళీ పూడటానికి సుమారు రెండువేల ఏళ్ళు పట్టింది. ఆ సంగతి ముందు చెబుతాను.

మన తర్వాతి వైద్యంలో అష్టస్థాన పరీక్ష ప్రసిద్ధమైంది. నాడి, మూత్రం, మలం, జిహ్వ, శబ్దం, స్పర్శ, దృక్కు, ఆకృతి అనేవి ఆ ఎనిమిది. ఇందులో ప్రశ్నకు విడిగా స్థానం లేదు. జనం కూడా, ఏమీ అడగకుండా నాడి పట్టి అన్నీ చెప్పేవాడే ఘనవైద్యుడని నమ్మడం మొదలుపెట్టారు. "ఆయన చెయ్యి పట్టుకుంటే చాలు, మనం నోరు విప్పక్కరలేదు" అనే పొగడ్త మన పల్లెల్లో మనమందరం విన్నదే. అడిగినవాడు తెలియనివాడైపోయాడు.

ఈ వాదం మనకు మాత్రమే సొంతం కాదు. ఇప్పటి టర్కీలో ఉన్న ఎఫెసస్ నగరంలో, క్రీ.శ. 100 ప్రాంతంలో రూఫస్ అనే గ్రీకు వైద్యుడుండేవాడు. రోగిని ప్రశ్నించడం గురించే ఆయన ఒక చిన్న గ్రంథం రాశాడు. నాకు తెలిసినంతలో ఈ ఒక్క విషయానికే కేటాయించిన ప్రాచీన గ్రంథం అది. కల్లిమాకస్ అనే మరొక వైద్యుడు ప్రశ్నలు అనవసరమని, లక్షణాలు చూస్తే చాలని వాదించగా, రూఫస్ దాన్ని ఖండించాడు. ముందు రోగినే అడగాలన్నాడు. ఎందుకంటే జవాబులో ఉన్న సంగతితో పాటు, జవాబు చెప్పే తీరు వల్ల అతని బుద్ధి నిలకడగా ఉందో లేదో, ఎంత శక్తి మిగిలి ఉందో కూడా తెలుస్తుంది. సంధిలో ఉన్నవారు, మాట పడిపోయినవారు, పసివారు, బాగా ముసలివారు అయితే దగ్గరివారిని అడగాలి. ఈ రోగం మొదటిసారా, ఇంతకుముందు వచ్చిందా అని అడగాలి. అలవాట్లు అడగాలి. కలలు కూడా అడగాలి. చరకుడూ రూఫసూ ఒకరినొకరు ఎరిగినట్లు ఆధారాలేమీ లేవు గాని, ఇద్దరూ రోగి కలల దాకా వెళ్ళారు.

గ్రీకులో 'హిస్టోరియా' అంటే మొదట 'విచారణ' అనే అర్థం. గడచిన కాలపు కథ అనే అర్థం తర్వాత వచ్చింది. మనం 'చరిత్ర' అని అనువదించుకున్నప్పుడు ఆ విచారణ అనే భావం జారిపోయింది. కేస్ హిస్టరీ అంటే రోగి పూర్వకథ అని మాత్రమే అనుకుంటాం. మాట పుట్టుకను బట్టి చూస్తే అది రోగి చెప్పే కథ ఎంతో, వైద్యుడు చేసే విచారణ కూడా అంతే.

అయితే దీన్ని విద్యార్థులకు రోగి పక్కనే నేర్పడం ఎప్పుడు మొదలైంది? ఇటలీలోని పాదువాలో 1540ల్లో జొవాన్ని బాత్తిస్తా ద మోంతె అనే ఆచార్యుడు విద్యార్థులను ఆసుపత్రికి తీసుకుపోయి పాఠం చెప్పాడు. హాలండులోని లైడెన్‌లో 18వ శతాబ్దం తొలినాళ్ళలో హెర్మన్ బూర్హావె పన్నెండు మంచాల చిన్న వార్డులో, ఆరుగురు పురుషులూ ఆరుగురు స్త్రీలూ ఉన్నచోట, యూరపు నలుమూలల నుంచి వచ్చిన శిష్యులకు బోధించాడు. అదే శతాబ్దంలో ఎడింబరోలో విలియం కల్లెన్ అనే వైద్యుడు ఉత్తరాల ద్వారా వైద్యం చేసేవాడు. రోగులు తమ బాధను కాగితం మీద రాసి పంపేవారు. ఆయన చదివి చికిత్స రాసి పంపేవాడు. ఆ ఉత్తరాలు వేలకొద్దీ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. రోగిని చూడకుండా, ముట్టకుండా, అతని మాటలతోనే వైద్యం నడిచిన కాలం అది.

ఆ తర్వాత గాలి మారింది. 1816లో పారిస్‌లో రెనె లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి ఒక రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు పుట్టింది. రోగి నోటి మాట కంటే రోగి ఛాతీ చప్పుడు ఎక్కువ నమ్మదగినదయింది. తర్వాత ఎక్స్‌రే వచ్చింది, ప్రయోగశాల వచ్చింది. ఒక్కొక్క పరికరం వచ్చినప్పుడల్లా ప్రాణాలు నిలిచాయి. అందులో సందేహం లేదు. రోగి మాట విలువ మాత్రం కొంచెం కొంచెం తరిగింది.

అయినా బోధన ఆగలేదు. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యకళాశాల 1893లో ప్రారంభమైనప్పుడు, విలియం ఆస్లర్ విద్యార్థులను వార్డుల్లోకి పంపి, ఒక్కొక్కరికి కొందరు రోగులను అప్పగించి, వారి కథ రాసుకుని వచ్చి తన ఎదుట వినిపించమనేవాడు. 1897లో హచిసన్, రెయినీ అనే ఇద్దరు బ్రిటిష్ వైద్యులు రాసిన 'క్లినికల్ మెథడ్స్' మన దేశంలోనూ తరతరాల విద్యార్థుల చేతుల్లో నలిగింది. ప్రధాన బాధ, ప్రస్తుత రోగచరిత్ర, గతచరిత్ర, కుటుంబచరిత్ర, అలవాట్లు అనే వరస మన వైద్యులకు కంఠస్థం. కాని ఆ వరస ఏం అడగాలో చెబుతుంది. ఎలా అడగాలో, ముఖ్యంగా ఎప్పుడు ఊరుకోవాలో చెప్పదు. విద్యార్థి రోగితో మాట్లాడుతున్నప్పుడు గురువు పక్కన లేడు. తిరిగి వచ్చి చెప్పినదాన్ని బట్టి మార్కులు పడేవి. పద్యం ఎలా చదివాడో వినకుండా తాత్పర్యం చూసి మార్కులు వేయడం లాంటిది ఇది.

20వ శతాబ్దం చివరి భాగంలో కొందరు ఈ వ్యవహారాన్ని కొలిచి చూశారు. 1975లో ఇంగ్లండులో హ్యాంప్టన్ బృందం 80 మంది కొత్త రోగులను పరిశీలించింది. వారిలో 66 మంది విషయంలో, రోగి చెప్పినది విన్న తర్వాత వైద్యుడు అనుకున్న రోగమే చివరకు స్థిరపడింది. శరీరపరీక్ష వల్ల అభిప్రాయం మారినది ఏడుగురి విషయంలో, ప్రయోగశాల పరీక్షల వల్ల మరో ఏడుగురి విషయంలో. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 సంభాషణలను రికార్డు చేసి విన్నారు. తన బాధ మొదటిసారి పూర్తిగా చెప్పుకోగలిగిన రోగులు 17 మంది. మిగిలినవారిలో ఎక్కువమంది మాట సగటున 18 సెకన్లలో తెగిపోయింది, తెంచినవాడు వైద్యుడు.

వైద్యుల తరఫున ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. బయట వందమంది కూర్చుని ఉంటే, ప్రతివారి కథా మొదలంటా వినడం సాధ్యమా? దీనికి 2002లో స్విట్జర్లాండులోని బాసెల్ నుంచి సమాధానం వచ్చింది. అడ్డు రాకుండా వినమని వైద్యులకు చెప్పి, 335 మంది రోగులు ఎంతసేపు మాట్లాడతారో గడియారం పెట్టి చూశారు. సగటు 92 సెకన్లు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లో ముగించారు. అయిదు నిమిషాలు దాటినవారు ఏడుగురే. మన ప్రభుత్వాసుపత్రి బయటి వరుస బాసెల్ వరుస కాదని నేనెరుగుదును. అయినా, వదిలిపెడితే రోగి ఎడతెగకుండా మాట్లాడతాడనే భయం మనం అనుకున్నంత నిజం కాదు.

ఇక సుశ్రుతుడు వదిలిన ఖాళీ సంగతి. హోవర్డ్ బారోస్ అనే నాడీవైద్యుడు న్యూయార్క్‌లో శిక్షణలో ఉండగా, పరీక్షల కోసం వచ్చిన ఒక రోగి ఆయనకొక రహస్యం చెప్పాడు. తనను పరీక్షించిన ఒక అభ్యర్థి మొరటుగా ప్రవర్తించాడట. అందుకు ఆ రోగి తన లక్షణాలను కావాలనే తారుమారు చేసి చూపించాడట! దీంతో బారోస్‌కు రెండు విషయాలు తట్టాయి. రోగలక్షణాలను మనిషి అభినయించగలడు. విద్యార్థి మర్యాదను రోగి తూచగలడు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన ఒక ఆరోగ్యవంతురాలికి శిక్షణ ఇచ్చి, నాడీవ్యాధితో కాళ్ళు పడిపోయిన స్త్రీగా విద్యార్థుల ముందు ఉంచాడు. మాట్లాడే బొమ్మ దొరికింది. వైద్యవిద్యలోకి సినిమావాళ్ళు చొరబడ్డారని మొదట పత్రికలు ఎగతాళి చేశాయి. 1975లో స్కాట్లండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్ విద్యార్థులు వరసగా ఒక్కొక్క గదికి తిరుగుతూ ఒక్కొక్క పని చేసి చూపించే పరీక్షాపద్ధతిని ప్రవేశపెట్టాక, ఈ నటించే రోగులకు ప్రపంచమంతటా పని దొరికింది.

మన తెలుగు పిల్లలకు దీనితో నేరుగా సంబంధం ఉంది. అమెరికాలో వైద్యం చేయదలచిన విదేశీ వైద్యులు అటువంటి పరీక్ష రాయవలసి వచ్చేది. 2004 నుంచి అమెరికా విద్యార్థులకూ అది తప్పనిసరి అయింది. పన్నెండుమంది నటరోగులు, ఒక్కొక్కరితో పదిహేను నిమిషాలు, తర్వాత రాసుకోవడానికి పది నిమిషాలు. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో ఆపి, 2021 జనవరిలో దాన్ని పూర్తిగా రద్దుచేశారు. గుంటూరులో, వరంగల్లులో చదివి ఆ పరీక్షకు వెళ్ళినవారిలో ఎందరో "మీకింత బాధ కలిగినందుకు విచారిస్తున్నాను" అనే వాక్యాన్ని పద్యంలా వల్లెవేసుకుని వెళ్ళారు. ఈ వల్లెవేతను చాలామంది వెక్కిరిస్తారు. నేను వెక్కిరించలేను. నా తరగతిలో పిల్లలు అర్థం తెలియకుండానే పద్యాలు వల్లెవేశారు. వారిలో కొందరికి నలభయ్యో ఏట, తండ్రి పోయిన రోజునో బిడ్డ పుట్టిన రోజునో, ఆ పద్యం అర్థమయింది. మర్యాదైన వాక్యం కూడా అటువంటిదే కావచ్చు. మొదట నాలుకకు అలవాటవుతుంది, మనసుకు తర్వాత చేరుతుంది. కాని చేరేదాకా గురువు వదిలిపెట్టకూడదు.

నేర్పితే వస్తుందా అన్న నా శిష్యురాలి ప్రశ్నకు ఆధారమున్న జవాబు మాంచెస్టర్ నుంచి దొరికింది. పీటర్ మగ్వైర్ అనే మానసికవైద్యుడు 1970ల్లో విద్యార్థులు రోగులతో మాట్లాడుతుండగా వీడియో తీసి, వారికే చూపించి, తప్పొప్పులు చర్చించాడు. కొన్నేళ్ళ తర్వాత, వారు వైద్యులైపోయాక మళ్ళీ పరిశీలిస్తే ఆ శిక్షణ ప్రయోజనం నిలిచే ఉంది. 1986లో దాన్ని ప్రకటించారు. కనుక ఇది పుట్టుకతో రావలసిన గుణం మాత్రమే కాదు, సాధనతో వచ్చే విద్య.

మరో ఇద్దరి ప్రసక్తి లేకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఆర్థర్ క్లైన్‌మన్ అనే మానవశాస్త్రజ్ఞుడైన వైద్యుడు 1970ల చివర రోగిని కొన్ని ప్రశ్నలు అడగమన్నాడు: ఈ జబ్బును మీరేమంటారు? ఎందుకు వచ్చిందనుకుంటున్నారు? దీనిలో మిమ్మల్ని ఎక్కువగా భయపెడుతున్నదేమిటి? మన ఊళ్ళో ఈ ప్రశ్నలడిగితే వేడి చేసిందనో, గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో జవాబు వస్తుంది. ఆ జవాబు విని నవ్వితే తర్వాతి నిజం బయటికి రాదు. ఇక కొలంబియా విశ్వవిద్యాలయంలో రీటా షారన్ అనే వైద్యురాలు 2000 ప్రాంతం నుంచి వైద్యవిద్యార్థులకు సాహిత్యం చదివించడం ఒక శాస్త్రంగా నెలకొల్పింది. కథను శ్రద్ధగా చదవగలిగినవాడే రోగి కథను శ్రద్ధగా వినగలడని ఆమె అభిప్రాయం. భాషాపండితుణ్ణి కనుక ఇది చదివి నాకు కలిగిన సంతోషం మీరు ఊహించుకోవచ్చు.

ఇక మన భాష సంగతికి వస్తాను. నొప్పి అన్నది మనకు ఒకటి కాదు. పోటు, సలుపు, తీపు, లాగుడు, పీకుడు, మంట, కోత, పొడుపు, తిమ్మిరి, గుంజుడు: ఒక్కొక్కటి ఒక్కొక్క బాధ. జలుబు ఒకచోట రొంప, మరొకచోట పడిశం, ఇంకొకచోట సర్ది. ఆయాసం తెలంగాణలో దమ్ము. తల తిరగడం వేరు, కళ్ళు బైర్లు కమ్మడం వేరు, నడకలో తూలడం వేరు. మొదటిదానికి చెవిలోపలి దోషం, రెండోదానికి రక్తపోటో గుండో, మూడోదానికి నరాలో కారణం కావచ్చు. అన్నిటినీ 'గిడ్డీనెస్' అని ఒక్క మాటలో రాసేస్తే ఆ తేడా కాగితం ఎక్కదు. అలాగని మాటనొక్కదాన్ని నమ్ముకున్నా చాలదు. రోగులు ఒకసారి చెప్పిన మాట మరొకసారి మారుస్తారని 2007లో ఒక పరిశోధన చూపింది. అందుకే ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఏం చేస్తే వస్తుంది అని అడగడం ముఖ్యమని ఇప్పటి వైద్యులంటున్నారు.

దీని విలువ మా ఇంట్లో ఒకసారి తెలిసింది. మా అమ్మకు డెబ్బయ్యేళ్ళు దాటాక "ఎడమ రెక్క లాగుతోంది" అనేది. ఒక ఆసుపత్రిలో యువవైద్యుడు ఆ ఒక్క వాక్యం విని, భుజం నొప్పి అని రాసి, పూతమందు ఇచ్చి పంపాడు. పది రోజుల తర్వాత మరొకచోట ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, "ఏం చేస్తుంటే లాగుతుంది మామ్మగారూ?" అని అడిగింది. "నీళ్ళబిందెతో మెట్లెక్కుతుంటే తల్లీ. బిందె దింపి కూచుంటే పోతుంది" అంది అమ్మ. ఆ పిల్ల ముఖం మారింది. అది గుండెపోటుకు ముందు వచ్చే నొప్పి అని ఆ సాయంత్రానికి తేలింది. మందులతో అమ్మ మరో తొమ్మిదేళ్ళు బతికింది. ఆ పిల్ల అడిగినది ఒక్క ప్రశ్న. తర్కశాస్త్రపు పరామర్శా మన ఇంటి పరామర్శా రెండూ ఆ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

మన దేశంలో 2019 నుంచి ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారింది. వైఖరి, నీతి, సంభాషణ అనే విషయాలు అన్ని సంవత్సరాల చదువులోనూ చేరాయి. చేరగానే జరిగే ప్రారంభశిక్షణలో స్థానికభాష నేర్పడం కూడా ఉంది. మంగళగిరి, బీబీనగర్ వంటిచోట్ల దేశమంతటి నుంచి పిల్లలు వచ్చి చదువుతున్నారు, వారికిది అవసరం. కాని తెలుగు తల్లిదండ్రులకు పుట్టి, తెలుగు చదవకుండానే వైద్యకళాశాలకు చేరుతున్న మన పిల్లలకు ఇది ఇంకా ఎక్కువ అవసరమని నా శిష్యురాలు చెప్పింది. "రోగి 'గ్యాస్ పట్టింది' అంటే మావాళ్ళు కడుపు వైపు చూస్తారు మాస్టారూ. అతను చెయ్యి పెట్టుకున్నది గుండె మీద" అంది.

ఆమె విద్యార్థుల కోసం నేనొక చిన్న పట్టిక తయారుచేస్తున్నాను. బాధలకు మన వాళ్ళు వాడే మాటలు, ఏ జిల్లాలో ఏది వాడతారు, దాని ఛాయ ఏమిటి, దాని తర్వాత అడగవలసిన ప్రశ్న ఏది. ఇప్పటికి నూట నలభై మాటలు చేరాయి. గోదావరి, కృష్ణా మాటలు నాకు తెలుసు. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మాటలకు మీరే దిక్కు. మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి కూర్చోబెట్టి, ఒంట్లో బాగుండకపోతే ఏమంటారో అడగండి. అడ్డు రాకుండా రెండు నిమిషాలు వినండి. విన్నది విన్నట్టు నాకు రాయండి.